ఆటయంత్రము మరచిపోయినప్పుడు

పిన్‌బాల్ అను ఆటను మనలో చాలమంది చలనచిత్రములలో మాత్రమే చూచియుందుము. గాజుపలక క్రింద వాలుగా అమర్చిన బల్ల, దానిపై పరుగులెత్తు ఉక్కుబంతి, బంతి తగిలినప్పుడెల్ల వెలుగు దీపములు, మ్రోగు గంటలు, బంతి అడుగునకు జారిపోకుండ పైకి తన్నుటకు రెండు చిన్న రెక్కలు - ఇదియే ఆ యంత్రము. అమెరికాలోని చికాగో నగరము దీని పరిశ్రమకు పుట్టినిల్లు వంటిది. ఆట చిన్నదే కాని, దానిలో దాగిన జ్ఞాపకపు కథ చిన్నది కాదు. యంత్రమునకు జ్ఞాపకము ఎట్లు కలిగెను, అది ఎట్లు చెరగిపోవును, చెరగినదానిని నేడు బాగుచేయువారు ఎట్లు మరల వ్రాయుచున్నారు అను మూడు సంగతులను ఈ ప్రసంగములో వరుసగా చూతము.

ఈ ఆటకు మూలము ఫ్రాన్సు దేశములో పుట్టిన బెగటెల్ అను బల్లయాట. అమెరికాలోని సిన్సినాటి నగరమునకు చెందిన మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్ దానికి మెరుగులు దిద్ది 1871లో పేటెంటు పొందెను. కర్రతో బంతిని పొడుచుటకు మారుగా స్ప్రింగు బిగించిన మీటతో తోయుట ఆ మెరుగులలో ముఖ్యమైనది. 1931లో గాట్లీబ్ సంస్థ ‘బాఫుల్ బాల్’ అను యంత్రమును వెలువరించెను. అది ఆర్థికమాంద్యపు కాలము. చిల్లర నాణెమునకు దొరకు వినోదముపై జనము విరగబడిరి. 1933లో హారీ విలియమ్స్ రూపొందించిన ‘కాంటాక్ట్’ యంత్రముతో ఆటలో విద్యుత్తు పని మొదలయ్యెను. బంతి పోకడ చాలవరకు అదృష్టమేయని తలచి న్యూయార్కు నగరాధికారులు 1942లో ఈ ఆటను జూదముగా ఎంచి నిషేధించిరి. 1947లో ‘హంప్టీ డంప్టీ’ యంత్రమునకు హారీ మాబ్స్ విద్యుత్తుతో ఆడు రెక్కలను అమర్చిన పిదప ఆటగాని నేర్పునకు చోటు పెరిగెను. అయినను న్యూయార్కు నిషేధము 1976లో గాని తొలగలేదు.

ఆ కాలపు యంత్రములలో కంప్యూటరు లేదు. అట్లని వాటికి జ్ఞాపకము లేదనరాదు. ఆటగాడు సంపాదించిన అంకెలు చక్రములు ఆగిన స్థానములో నిలిచియుండెను. బంతి ఏయే గురులను తాకినదో ఆ సంగతిని రిలేలు పట్టి ఉంచుచుండెను. ఇక ఆట నియమములో, అవి తీగల అల్లికలోనే ఉండెను. ఈ స్విచ్చు మూసికొన్నచో ఆ రిలే లాగవలెను, ఆ రిలే లాగినచో పది అంకెలు కలియవలెను అను ఏర్పాటు అంతయు టంకము వేసిన కొసలలో ఉండెను. బాగుచేయువాడు మూత తెరచి, సర్క్యూటు పటము ముందుంచుకొని, తీగ వెంబడి పోయి లోపమును కనుగొనుచుండెను. వాల్వు రేడియోలను విప్పి చూచిన పాతతరము వారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఆనాటి యంత్రపు జ్ఞాపకము కంటికి కనబడునది, చేతికి అందునది.

1971లో ఇంటెల్ సంస్థ 4004 అను మైక్రోప్రాసెసర్‌ను వెలువరించెను. అట్టి చిప్పు వందల రిలేల పనిని చేయగలదని ఆటయంత్రములవారు త్వరలోనే గ్రహించిరి. 1974లో డేవ్ నట్టింగ్ బృందము ‘ఫ్లికర్’ అను యంత్రమును 4004తో నడిపి చూపెను. 1975లో మిర్కో సంస్థవారి ‘స్పిరిట్ ఆఫ్ 76’ విపణికి వచ్చెను. 1977 ముగియునప్పటికి బాలీ, విలియమ్స్, గాట్లీబ్ అను మూడు పెద్ద సంస్థలును ఈ మార్గమునే పట్టెను. 1979లో విలియమ్స్ వారి ‘గోర్గార్’ ఏడు మాటల పదసంపదతో ఆటగానితో మాటలాడెను. ఆ మాటలును చిప్పులలో దాచినవే. ఈ విధముగా ఆట నియమములు తీగలను వీడి, గోరంత సిలికాన్ ముక్కలోనికి చేరెను. తీగ తెగినచో కనబడును. సిలికాన్‌లో అక్షరము చెరగినచో కనబడదు. బాగుచేయువాని కష్టము ఇచటనే మారెను.

ఈ యంత్రములలో జ్ఞాపకము రెండు విధములు. అత్యధిక అంకెలు, నాణెముల లెక్క మొదలగు మారుచుండు సంగతులకు ఒక చిప్పు కలదు. కరెంటు తీసివేసినను అది మరువకుండుటకు బ్యాటరీ తోడుండును. నియమములకు వేరు చిప్పులు కలవు. వాటిలోని వ్రాత బ్యాటరీ లేకయే నిలువవలెను. ఈ రెండవ తెగలో మొదటివి కర్మాగారములోనే అచ్చు పోసినవి. వేలకొలది ప్రతులు కావలసినప్పుడు ఇవి చౌక. ఒక్క తప్పు దొరలినచో మొత్తము వృథా. వెలుపల వ్రాసికొనదగిన చిప్పులకు మూలము 1956 నాటిది. అమెరికా వాయుసేన అట్లాస్ క్షిపణి కొరకు వెన్ సింగ్ చౌ అను ఇంజనీరు ఒక ఉపాయము కనిపెట్టెను. సన్నని ఫ్యూజులలో అవసరమైనవానిని ఎక్కువ కరెంటుతో మాడ్చివేయుటయే ఆ ఉపాయము. చిప్పులో వ్రాయుటను నేటికిని ‘కాల్చుట’ అని పనివారు అనుటకు కారణము ఇదియే. కాలిన ఫ్యూజు మరల అతుకదు. కావున ఆ వ్రాతను దిద్దుటకు వీలులేదు.

దిద్దుటకు వీలైన చిప్పు ఒక లోపమును పరిశీలించుటలో పుట్టెను. డోవ్ ఫ్రోమన్ అను ఇజ్రాయెల్ ఇంజనీరు ఇంటెల్‌లో పనిచేయుచు, ఒక మెమరీ చిప్పులోని అస్థిరతకు కారణము వెదకుచుండెను. ఏ తీగయు అంటని లోహపు లేక సిలికాన్ పొరపై విద్యుదావేశము చిక్కుకొని చాలకాలము నిలుచుట చిప్పులకు దోషమే. ఆ దోషమునే గుణముగా ఏల వాడుకొనరాదు అని ఆయన తలచెను. అట్టి తేలియాడు పొరను గూర్చి బెల్ ప్రయోగశాలలో డాన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు 1967లోనే సూచించియుండిరి. ఫ్రోమన్ 1971లో దానిని అమ్మదగిన వస్తువుగా రూపొందించెను. అదియే ఈప్రామ్. మొదటి ఈప్రామ్ అగు 1702లో 256 బైట్లు పట్టెను.

దాని లోపలి పనిని సులభముగా చెప్పవచ్చును. ప్రతి బిట్టునకు విద్యుద్బంధకపు గోడల నడుమ ఒక చిన్న గది కలదు. ఖాళీ గది ‘ఒకటి’. ఎలక్ట్రానులు నిండిన గది ‘సున్న’. మామూలు వోల్టేజికి ఎలక్ట్రానులు గోడ దాటలేవు. వ్రాయునప్పుడు మాత్రము ఎక్కువ వోల్టేజితో వాటిని లోనికి నెట్టుదురు. చెరపుటకు చిప్పుపై స్ఫటికపు కిటికీ యుండును. దాని గుండ 2537 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కిరణములను పదిహేను ఇరువది నిమిషములు ప్రసరింపజేసినచో ఎలక్ట్రానులు శక్తి పొంది వెలుపలికి పోవును. అప్పుడు గదులన్నియు ఖాళీయగును. ఒక్క అక్షరమును దిద్దవలెనన్నను పలక అంతయు తుడువవలసినదే. నేరుగా ఎండ తగిలినచో వారము రోజులలోను, ట్యూబులైటు వెలుగులో సుమారు మూడు సంవత్సరములకును ఆ వ్రాత చెరగవచ్చునని తయారీదారులే హెచ్చరించిరి. పాత యంత్రములలోని చిప్పు కిటికీపై కాగితము అంటించియుండుటకు ఇదియే హేతువు. పేరు వ్రాయుటకు మాత్రమే అంటించినదని తలచి దానిని ఊడబెరుకరాదు.

1977 ప్రాంతమున వచ్చిన 2716 అను చిప్పు 2,048 బైట్లు పట్టును. నేటి కంప్యూటరు లిపిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ఆ లెక్కన ఈ చిప్పులో ఏడువందల సంకేతములు కూడ పట్టవు. ఈ పత్రికలో ఒక చిన్న పేరా వ్రాయుటకే అది సరిపోవును. ఇట్టి చిప్పులు కొన్నింటిలోనే ఆనాటివారు ఒక ఆట యొక్క నియమములు, దీపముల వరుసలు, తప్పుల పరీక్షలు అన్నియు ఇమిడ్చిరి.

ఇక బాగుచేయు పనికి వత్తము. యంత్రము కదలనప్పుడు చిప్పునే మొదట నిందించుట తగదు. బాలీ వారి ఆ కాలపు బోర్డుపై ఒక చిన్న దీపము కలదు. కరెంటు వేయగనే యంత్రము తన్ను తాను పరీక్షించుకొని, ఒక్కొక్క పరీక్ష నెగ్గినప్పుడెల్ల దానిని మినుకుమనిపించును. ఏడు మార్లు మెరసినచో అంతయు క్షేమము. నియమముల చిప్పుల పరీక్ష మొదటి మెరపునకు ముందే జరుగును. ఆ మెరపే రానిచో అనుమానము అటువైపు పోవలెను. అప్పుడును ముందుగా చూడవలసినవి మూడు: విద్యుత్సరఫరా సరిగా అందుచున్నదా, సాకెట్ పట్టు వదలినదా, బ్యాటరీ కారినదా. పాత బోర్డులకు బ్యాటరీయే పెద్ద శత్రువు. దాని క్షారము కారి రాగిగీతలను, సాకెట్లను తినివేయును. జ్ఞాపకమును కాచుటకు పెట్టినదే జ్ఞాపకమునకు చేటు తెచ్చుట వింత.

చిప్పే చెడినదని తేలినచో కావలసిన సామగ్రి కొంచెమే: కంప్యూటరునకు తగిలించు ప్రోగ్రామర్ పరికరము, అతినీలలోహిత దీపపు పెట్టె, క్రొత్త చిప్పులు. ఆ దీపమును కంటితో చూడరాదు, కంటికి హాని. చిప్పు సంఖ్యను చదివి, తగిన వోల్టేజిని ఎన్నుకొనవలెను. 2716కు వ్రాయునప్పుడు 25 వోల్టులు కావలెను. తరువాతి రకములలో అది 21కిని, పిదప పన్నెండున్నరకును తగ్గెను. తక్కువ తాళునదానికి ఎక్కువ ఇచ్చినచో చిప్పు చచ్చును. ఒక కొసనున్న గంటును చూచి తిన్నగా పెట్టవలెను. చెరపిన పిదప అన్ని గదులును ఖాళీ అయినవో లేదో పరీక్షింపవలెను. ఏలయన వ్రాత ఒకటిని సున్న చేయగలదు గాని సున్నను ఒకటి చేయలేదు. 2716లో ఒక్కొక్క బైటునకు 50 మిల్లీసెకనులు పట్టును. మొత్తము సుమారు నూరు సెకనుల పని. ముగిసిన వెంటనే వ్రాసినదానిని మూలముతో బైటు బైటుగా సరిచూడవలెను. చిట్టాపుస్తకములో పుట అడుగున మొత్తము వేసినట్లు, అన్ని బైట్లను కూడి సరిచూచు పద్ధతియు కలదు. కాని రెండు తప్పులు ఒకదానినొకటి సరిపెట్టుకొన్నచో మొత్తము మోసపుచ్చును. అందుచే దానినొక్కదానినే నమ్మరాదు.

ఈ పనియంతటికిని మూలప్రతి ఒకటి ఉండవలెను గదా. అది ఎచటినుండి వచ్చును? కర్మాగారమునకు జాబు వ్రాసి తెప్పించుకొను కాలము గడచెను. గాట్లీబ్ వారసత్వము నడిపిన సంస్థ 1996లో మూతపడెను. 1992లో ఇరువదివేలకు మించి అమ్ముడుపోయిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ని చేసిన విలియమ్స్ విభాగము 1999లో పిన్‌బాల్ తయారీని మానుకొనెను. పదియిరువది ఏండ్ల లెక్కతో చేసిన చిప్పులలో చాలభాగము నలుబది ఏండ్లు దాటినను పనిచేయుచున్నవి. కాని గదులలోని ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవుచునే యుండును. ఇది గ్రహించిన అభిరుచిపరులు తమకు దొరకిన యంత్రముల చిప్పులను చదివి, ప్రతులు తీసి భద్రపరచిరి. ఈ యంత్రములను కంప్యూటరులో నడిపించు పిన్‌మేమ్ అను ప్రోగ్రాము ఒక్కొక్క ప్రతికి సరిచూచు సంఖ్యను కూడ ఉంచును. ఈ వ్రాతలకు హక్కుదారులు కలరు. ఆ హక్కును మన్నించుచునే ప్రతిని కాపాడవలసియున్నది.

మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసిన గ్రంథములకును ఇదే గతి పట్టుచుండెను. చెదలును తేమయు ఆకును తినుటకు ముందే మరియొక ప్రతి ఎత్తినందుననే అనేక గ్రంథములు మనదాక వచ్చెను. భేదము ఒక్కటి కలదు. లేఖకుడు అక్షరము జారవిడిచినచో చదువరి తెలివితో పూరించుకొనును. యంత్రమునకు ఆ తెలివి లేదు. ఒక్క బిట్టు తారుమారైనను అది నిలిచిపోవచ్చును.

నేడు వెలుగుతో పనిలేక విద్యుత్తుతోనే చెరపి వ్రాయదగిన ఫ్లాష్ మెమరీ ఇంటింటను కలదు. జపాను దేశపు తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా దానిని కనిపెట్టి 1984లో లోకమునకు వెల్లడించెను. దానిలోనిదియు ఫ్రోమన్ నాటి గది వంటిదే. అదియు శాశ్వతము కాదు. కావున ఈ పనిలో అడుగు పెట్టువారికి మేము చెప్పదగిన మొదటి పాఠము చెరపుటయు కాదు, వ్రాయుటయు కాదు. చిప్పును మొదట చదువవలెను. ఒకసారి కాక రెండు మూడు మార్లు చదివి, పాఠములు ఒక్కటిగానే వచ్చుచున్నవా అని పోల్చవలెను. భేదమున్నచో ఆ చిప్పు మరచుటకు మొదలిడినదన్నమాట. ప్రతిని రెండు చోట్ల దాచిన పిదపనే దానిని వెలుగు పెట్టెలో పెట్టవలెను. ఒక్కొక్కప్పుడు ఆ చిప్పు, ఆ ఆటకు మిగిలిన కడపటి ప్రతియే కావచ్చును.