అద్దెకు వడ్డీ చెల్లు: కోనసీమ ఇంటి కాగితాల కథ

అప్పు తీసుకున్నవాడు వడ్డీ కట్టడు. ఇంట్లో దిగినవాడు అద్దె కట్టడు. గోదావరి జిల్లాల పట్టణాల్లో ‘భోగ్యానికి ఇల్లు’ అంటే బేరం ఇలా ఉంటుంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున నాలుగు లక్షలకు నాలుగు వేలవుతుంది. ఆ ఇంటికి అద్దె కూడా అంతే పలికితే ఒకదానికొకటి చెల్లు. గడువు తీరాక యజమాని అసలు తిరిగిచ్చి తాళంచెవి తీసుకుంటాడు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో ఈ స్వాధీన తనఖాకు చోటుంది. రుణదాత ఆస్తిని తన అనుభవంలో ఉంచుకుని, దానిపై వచ్చేదాన్ని వడ్డీకి జమ వేసుకోవచ్చు. బాకీ తీర్చిన నాడు ఆస్తిని విడిపించుకునే హక్కు మాత్రం యజమానిదే. ఆ హక్కును కోర్టులో అడగడానికి 1908 నాటి కాలపరిమితి చట్టం 60 ఏళ్ల గడువిచ్చింది. 1963 చట్టం దాన్ని 30 ఏళ్లకు కుదించింది. తాత తనఖా పెట్టిన ఇంటిని మనవడు విడిపించుకోవడం చట్టరీత్యా సాధ్యమైన పనే.

కోనసీమలో అప్పిచ్చే డబ్బు చేలోంచీ, తోటలోంచీ పుట్టింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వైనతేయ పాయ మీద గన్నవరం అక్విడెక్టు కట్టి నీటిని అవతలి నగరం దీవికి దాటించారు. వరి పంట చేతికొచ్చేదాకా ఎదురుచూడాలి. కొబ్బరి దింపు అలాకాదు, ఏడాదిలో పలుమార్లు రొక్కం తెచ్చిపెడుతుంది. ఆ రొక్కం ఇంటి పెట్టెలో ఊరికే ఉండిపోకుండా ప్రోనోటు మీద చేతులు మారింది. నోటుకు మూడేళ్లే బలం. గడువు దాటకముందే కొంత సొమ్ము కట్టించుకుని వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. ఇల్లు తాకట్టుంటే ఈ హడావుడి తక్కువ. అందుకే పెద్ద మొత్తాలకు ఇంటినో పొలాన్నో అడిగేవారు.

1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి బాకీలు కొండలా పెరిగాయి. రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీలపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది కొట్టేసింది. అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. ఏడాదికి 600 రూపాయలకు తగ్గని అద్దె విలువ మీద ఇంటిపన్ను పడే ఇళ్లూ స్థలాలూ ఉన్నవాణ్ని చట్టం వ్యవసాయదారుడిగా ఒప్పుకోలేదు. ఆ ఇళ్లను అద్దెకిచ్చినా, తానే కాపురమున్నా లెక్క ఒకటే. పల్లెలో పొలమున్న రైతు పట్టణంలో ఇళ్లు కూడబెడితే ఉపశమనం చేజారే ప్రమాదం ఉండేది. రెండోది భోగ్యం. పత్రంలో వడ్డీ రేటే లేని స్వాధీన తనఖా ఈ చట్టం పరిధిలోకి రాలేదు. రద్దు చేయడానికి అక్కడ వడ్డీ కనబడదు మరి! 1948 సవరణ ఈ కన్నాన్ని పూడ్చింది. తనఖాదారు 30 ఏళ్లకు పైగా అనుభవించిన ఆస్తి విషయంలో బాకీ తీరినట్టే లెక్కగట్టింది.

ఈలోగా బ్యాంకులు వచ్చాయి. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకునే పద్ధతి అన్నిటికన్నా సులువు. కానీ ఆస్తి బదిలీ చట్టం దాన్ని మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి నగరాలకూ, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన పట్టణాలకూ పరిమితం చేసింది. ఇల్లు ఎక్కడున్నా ఫరవాలేదు, దస్తావేజు అప్పగించే చోటు మాత్రం ఆ జాబితాలో ఉండాలి. మిగతా ఊళ్లలో అప్పు తీసుకునేవాళ్లు రిజిస్ట్రారు కచేరీకి వెళ్లి తనఖా రాసుకోవాల్సిందే.

అద్దె ఇళ్లు అడిగేవారు పెరగడానికి కోర్టు, తాలూకా కచేరీలు, బడులు కారణమయ్యాయి. 1951లో ఎస్‌.కె.బి.ఆర్‌. కాలేజీ వచ్చాక లంక గ్రామాల పిల్లలకు అమలాపురంలో గది అవసరమైంది. పెంకుటింటి ముందు గదులకు విడిగా తలుపు పెడితే పోర్షన్‌ తయారయ్యేది.

అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించడం మాత్రం తేలిక కాలేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్‌ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం బకాయి, సొంత అవసరం లాంటి కారణాలు రెంట్‌ కంట్రోలర్‌ ముందు రుజువు చేయాల్సి వచ్చేది. చట్టం మునిసిపాలిటీలకు వర్తించింది. పంచాయతీ ఊళ్లకు రావాలంటే ప్రత్యేక ప్రకటన కావాల్సి వచ్చేది. కొత్త ఇళ్లు కట్టేవారు వెనకాడకుండా 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటికి మినహాయింపునిచ్చారు. పాతికేళ్లు దాటినా కొత్తవేనంటూ ఆ ఇళ్లను వదిలేయడం సమానత్వానికి విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1960 చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది.

తర్వాతి డబ్బు గల్ఫ్‌ నుంచి వచ్చింది. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్‌, దోహా, మస్కట్‌ వెళ్లినవారి సంపాదన ముందు డాబాలుగా, ఆపై అద్దెకిచ్చే పై అంతస్తులుగా మారింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొబ్బరి తోటల్నీ, పాకల్నీ, పెంకుటిళ్లనీ నేలమట్టం చేశాక స్లాబు మీద మోజు మరింత పెరిగింది. యజమాని గల్ఫ్‌లో ఉంటే అద్దె వసూలు, సున్నాలు, మోటారు రిపేర్లు బావమరిదికో తమ్ముడికో అప్పజెప్పడం పరిపాటి.

ఇంటి రుణాలకు 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో నేషనల్‌ హౌసింగ్‌ బ్యాంకు దారి వేశాయి. 2022 ఏప్రిల్‌ 4న అమలాపురం జిల్లా కేంద్రమైంది. ఇన్ని వచ్చినా భోగ్యం పోలేదు. ఖర్చు కలిసొస్తుందని చాలామంది దాన్ని స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకుంటారు. వంద రూపాయలు, ఆపైన ఇచ్చే స్వాధీన తనఖాకు ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు దస్తావేజు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్‌ చెబుతోంది. రిజిస్టరు కానిది ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌ (ఈసీ)లో కనబడదు. అదే ఇంటి మీద బ్యాంకు రుణం ముందే ఉంటే, వాయిదాలు తప్పిన రోజున బ్యాంకు వేలానికి వస్తుంది. నాలుగు లక్షలిచ్చి లోపల కాపురమున్నవాడు అప్పుడు యజమాని వెంట పడాల్సిందే.