టూమ్‌స్టోన్ పట్టణము: గోడల సాక్ష్యము

చరిత్రకు శాసనములును, దస్తావేజులును ఎట్టి యాధారములో, పాత కట్టడములును అట్టివే. అయితే సాక్షి నిజము పలుకవలెనన్నచో, ఆ సాక్షి నోట మనమాటలు పెట్టరాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అరిజోనా యందలి టూమ్‌స్టోన్ పట్టణము ఇందుకు తగిన నిదర్శనము.

1877లో ఎడ్ షెఫెలిన్ అనునతడు అపాచీ జాతివారి సీమలో ఖనిజములు వెదుకబోగా, అచట నీకు దొరకు రాయి సమాధిరాయి యొక్కటేయని సైనికులు పరిహసించిరట. ఆతనికి వెండి దొరికినది. పరిహాసపు మాటనే గనికి పేరుగా నుంచెను. 1879లో వెలసిన పట్టణమునకును అదియే పేరైనది.

1881 జూన్ నెలలోను, 1882 మే నెలలోను అగ్ని వ్యాపారవీథులను దహించినది. ప్రజలు వెంటనే తిరిగి కట్టుకొనిరి. నాటక ప్రదర్శనలకు, సభలకు 1881లో లేచిన షెఫెలిన్ హాలును, 1882 నాటి సెయింట్ పాల్ దేవాలయమును ఎండకెండిన పచ్చి ఇటుకలతో కట్టినవి. మన పల్లెల మట్టిగోడల నెఱిగినవారికి వాని నిర్మాణము క్రొత్తగా తోచదు. వినోదములకు పేరుగన్న బర్డ్ కేజ్ నాటకశాలయు 1881 డిసెంబరులోనే తెరువబడెను.

వీనిలో ప్రధానమైనది 1882లో ఎఱ్ఱ ఇటుకలతో నిర్మించిన రెండంతస్తుల న్యాయస్థాన భవనము. అది కోచీస్ జిల్లాకు కేంద్రకార్యాలయము. కోచీస్ 1874లో మరణించిన అపాచీ నాయకుడు. 1886లో జెరోనిమో లొంగిపోయిన పిమ్మట ఆ నాయకుని జనమును యుద్ధఖైదీలనుగా ఫ్లోరిడాకు తరలించిరి. జిల్లాకు నాయకుని పేరు మిగిలినది. ఆయన ప్రజలకు నేల మిగులలేదు.

యాత్రికులను నేటికిని ఆకర్షించునది 1881 అక్టోబరు 26నాటి తుపాకుల పోరు. అది ముగియుటకు అరనిమిషము పట్టినది, మువ్వురు మరణించిరి. ఓ.కె. కొరాల్ అను గుఱ్ఱపుసాలపేర అది ప్రసిద్ధికెక్కినను, వాస్తవముగా జరిగినది సమీపమందలి ఖాళీస్థలమున. పిమ్మట న్యాయాధికారి స్పైసర్ సుమారొక నెల సాక్షుల విచారించి, వ్రాతమూలకముగా నిర్ణయమిచ్చెను. అరనిమిషము లోకవిఖ్యాతమైనది, ఆ నెల దినముల విచారణ నెఱిగినవారు కొలది.

గనులలో నీరూరుట, 1886లో నీటియంత్రశాల దగ్ధమగుట పట్టణమును క్రుంగదీసెను. 1929 ఎన్నికలో జిల్లాకేంద్రము బిస్బీకి పోయెను. పాడుపడిన న్యాయస్థానమును పౌరులు 1950 తరువాతి దశకమున ఉద్ధరించిరి; 1959 నుండి అది రాష్ట్ర ప్రదర్శనశాల. 1961లో పట్టణమునకు జాతీయ చారిత్రక స్థలమను గుర్తింపు లభించెను.

కాని క్రొత్త కట్టడములపై పాత తేదీలు వ్రాయుటచే ఆ గుర్తింపునకు ముప్పు కలిగెనని 2004లో జాతీయ ఉద్యానవనశాఖ ప్రకటించినది. దస్త్రముల నడుమ దినములు గడుపు మనకు ఈ దోషము వేఱుగ చెప్పనక్కరలేదు. కాగితముపై తేదీ మార్చుట యెట్టిదో, గోడపై మార్చుటయు నట్టిదే. శిథిలమైన గోడ కొంతయే చెప్పును గాని, కల్ల చెప్పదు.