షరాబ్, షర్బత్, పరహేజ్: ఉద్దానం దాహానికో తారీఖ్

మన ఇళ్లలో షరాబ్ సంగతి వస్తే ఒక్క మాటతో తేల్చేస్తాం. హరామ్. ఖతమ్. ఆ తర్వాత బాత్‌చీత్ ఉండదు. మజ్హబ్ వరకు ఆ మాట సరిపోతుంది. కానీ తారీఖ్ ఒక్క మాట దగ్గర ఆగదు. మన పొరుగువాళ్లు ఏం తాగారు, వాళ్ల తాగుడు మీద ఏ హుకూమత్ ఎలా వసూలు చేసుకుంది, వద్దని ఖానూన్ తెచ్చినప్పుడు ఎవరి పొయ్యి ఆరిపోయింది, తాగని మనం దాహానికి ఏం తాగాం - ఇవీ తెలుసుకోవాల్సిన సంగతులే. ఈ సవాళ్లకు జవాబు వెతకడానికి శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ఇలాకా మంచి జగా. తాడిచెట్టు, కొబ్బరి చెట్టు, జీడిమామిడి తోట, పక్కనే సముందర్, చేరువలోనే ఒడిశా సరిహద్దు. దాహం కథ మొత్తం అక్కడే ఉంది.

ఆ జిల్లాలో మన ఆబాదీ నూటికి ఒకరు కూడా ఉండరు. అయినా మన నిశానీ పాతదే. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫు ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించింది 1641లో. ఆసఫ్‌జాహీల జమానాలో ఆ ఇలాకా పేరు చికాకోల్ సర్కార్. 1765లో షా ఆలం బాద్షా ఫర్మానాతో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. సల్తనత్ పోయింది గానీ జబాన్ మిగిలింది. తహశీల్దార్, జమాబందీ, ఫిర్కా, ఇనాం... ఈ వరసలోనే ఇంకో లఫ్జ్ కూడా ఉంది. ఆబ్కారీ.

ఫార్సీలో 'ఆబ్' అంటే నీళ్లు, 'కారీ' అంటే పని. నీళ్ల పని! వినడానికి ఎంత పాక్‌గా ఉందో చూడండి. కానీ దాని అర్థం సారా కాచడం, అమ్మడం, దాని మీద పన్ను. కల్లు దుకాణం మీద పెత్తనం చేసిన మెహక్మాకి పేరు మన జబాన్ నుంచే వెళ్లింది.

ఇలాంటి లఫ్జ్‌లు ఇంకా ఉన్నాయి. అరబీలో 'షరాబ్' అంటే తాగేది, అంతే. పాలైనా, నీళ్లయినా, పళ్ల రసమైనా. ఫార్సీ, ఉర్దూలకు వచ్చేసరికి ఆ మాట నషా ఇచ్చేదానికే మిగిలిపోయింది. దాని సగీ బహెన్ 'షర్బత్' మాత్రం మన దస్తర్‌ఖాన్ మీదే ఉండిపోయింది. అంగ్రేజీ వాళ్ల సిరప్ కూడా ఆ ఖాందాన్‌దే. 'అరఖ్' అంటే చెమట. బట్టీలో ఆవిరి చల్లబడి చుక్క చుక్కగా కారుతుంది కాబట్టి ఆ పేరు. హకీం సాబ్ ఇచ్చే గులాబ్ అరఖ్, దొరలు 'అర్రాక్' అని రాసుకున్న సారా, రెండూ ఒకే మాట. 'ఆల్కహాల్' అయితే 'అల్ కుహ్ల్', అంటే కళ్లకు పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడికి ఉన్న పేరు, తర్వాత ఏ వస్తువు నుంచైనా తీసిన సారానికి, చివరికి మద్యం సారానికి అంటుకుంది. మనం తాగని వస్తువుకి మన లఫ్జ్‌లే పేర్లయ్యాయి.

ఇక చెట్టు దగ్గరికి వద్దాం. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా రోడ్డు పక్కన, పొలం గట్ల మీద, ఇసుక దిబ్బల మీద తాడిచెట్లే. తెల్లారకముందే మోకు వేసుకుని, గీత కత్తి నడుముకు కట్టుకుని చెట్టెక్కే ఖాందాన్లు ఆ ఇలాకాలో తరాలుగా ఉన్నాయి. యాత, శ్రీశయన కులాలవాళ్లకు అదే రోజీ. చెట్టు నుంచి కారేటప్పుడు ఆ రసం తియ్యని నీరు. అందులో నషా లేదు. కుండలో పడగానే గాలిలో, కుండలో ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో తీపి తగ్గి పులుపు, పులుపుతో పాటు నషా. అదే కల్లు. కుండ లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది. అప్పుడది నీరా. దాన్ని కాచితే తాటి బెల్లం.

ఈ సంగతి చదివినప్పుడు నాకు అరబ్ దేశపు నబీజ్ యాదొచ్చింది. ఖజూర్ పళ్లో, కిస్మిస్‌లో రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున తాగేవారు. హుజూర్ (స.) కూడా తాగేవారని హదీసుల్లో ఉంది. రోజులు గడిచి పులిసి నషా ఎక్కే హాలత్‌కి వస్తే పారబోసేవారు. చెట్టు వేరు, ముల్క్ వేరు, కానీ ఉసూల్ ఒకటే. పండు తప్పు కాదు, చెట్టు తప్పు కాదు. నషానే హద్దు. ఖురాన్‌లో కూడా షరాబ్ మనాహీ ఒక్కరోజులో రాలేదు. అందులో లాభం కంటే గునాహ్ పెద్దదని మొదట, నషాలో నమాజ్ దగ్గరికి రావద్దని తర్వాత, పూర్తిగా వదలమని చివర్లో. ఆదత్ మార్చడానికి వఖ్త్ పడుతుందని అల్లాహ్‌కి తెలుసు. మన హుకూమత్‌లకే ఆ సబర్ లేకపోయింది.

మొదట కంపెనీ, తర్వాత దొరల సర్కార్, తాగుడిని ఆపాలని చూడలేదు. దాని మీద ఆమ్దనీ లెక్కేసుకున్నాయి. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. గీసే ప్రతి చెట్టుకీ పన్ను, దుకాణానికి వేలంపాట. తూర్పు కనుమల మన్యంలో అంతకుముందే, 1879లో, రంప తిరుగుబాటు లేచింది. దాని కారణాల్లో కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒకటి. అడవిలో తన చెట్టు కల్లు తాను దించుకోవడానికి ఎవరికో పైసా కట్టాలంటే గిరిజనుడికి గుస్సా రాదా?

గాంధీజీ జమానాలో గాలి తిరిగింది. కల్లు దుకాణాల ముందు పికెటింగ్ ఆజాదీ లడాయిలో భాగమైంది. గాంధీజీ నీరా, తాటి బెల్లం వాడమని చెప్పేవారు. 1937 అక్టోబర్ 1న రాజాజీ హుకూమత్ సేలం జిల్లాలో మద్య నిషేధం మొదలుపెట్టింది. తర్వాత మన కడప, చిత్తూరు. 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. టెక్కలి, సోంపేట ప్రాంతం అంతకుముందు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరుపడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో కొత్త శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. జిల్లా పుట్టేసరికే ఖానూన్ ప్రకారం చెట్టెక్కి కల్లు దించేవాడు ముజ్రిమ్.

ఇక్కడే అసలు ముష్కిల్. తాగేవాడికి పోయింది నషా ఒక్కటే. గీసేవాడికి పోయింది రోజీ రోటీ. తాతల నాటి హునర్ ఒక్క హుకుంతో జుర్మ్ అయిపోయింది. పోలీసు వస్తే కుండ పగిలేది, మనిషి జైలుకి పోయేవాడు. నీరా, బెల్లం అని చెప్పడం తేలిక. సున్నం, కట్టెలు, కొనే బజార్, అన్నీ కుదిరితేనే అది రోజీ అవుతుంది.

ఈ మజ్బూరీని పట్టించుకున్నవారు గౌతు లచ్చన్న. ఉద్దానం ఒడ్డునే ఉన్న బారువ ఆయన ఊరు. 1909లో గీత కుటుంబంలో పుట్టారు. ఆజాదీ లడాయిలో జైలుకెళ్లారు. జనం ఆయన్ని 'సర్దార్' అన్నారు, అదీ ఫార్సీ లఫ్జే. గాంధీజీ బాటలో నడిచిన మనిషి మద్య నిషేధాన్ని సవాల్ చేయడం చాలామందికి అజీబ్‌గా అనిపించి ఉంటుంది. ఆయన అడిగింది మాత్రం గీత కార్మికుడి హక్. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. నిషేధం ఎలా నడుస్తోందో చూడటానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమని చెప్పింది. హుకూమత్ ఒప్పుకోలేదు. 1954 నవంబర్‌లో కర్నూలు అసెంబ్లీలో అవిశ్వాసం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం గారి సర్కార్ కూలిపోయింది. ఏడాది దాటి ఒక నెల నిండిన కొత్త రాష్ట్రం గవర్నర్ పాలనలోకి పోయింది. తాడిచెట్టు మీద నుంచి దిగిన సవాల్ ఒక హుకూమత్‌నే దించేసింది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. 1960ల ఆఖరుకు నిషేధం పోయింది. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారా పాకెట్లు పల్లెలకు చేర్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ జోష్ జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో అదీ పోయింది. శ్రీకాకుళానికి ఇందులో ఇంకో తక్లీఫ్ ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, అక్కడ అలాంటి సంపూర్ణ నిషేధం లేదు. ఖానూన్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, సీసా ఆగదు.

ఈ తారీఖ్‌లో మనం ఎక్కడ? నిషేధం వచ్చినా పోయినా మన ఇంటి ఖర్చులో తేడా రాలేదు. అందుకే నిషేధం మాట వినగానే మాషాఅల్లాహ్ అనేస్తాం. పొరుగింటి గీత కార్మికుడి పొయ్యి గురించి ఎంతమందిమి సోంచాయించాం? వద్దనే హక్ మనకుంది. కానీ వద్దన్నప్పుడు ఎదుటివాడి రోజీకి దారి చూపడం కూడా ఇన్సాఫ్‌లో భాగమే కదా.

తాగనివాళ్లు మనం ఒక్కరమే అనుకోవడమూ ఘలత్. షాదీల్లో, ఆఫీసు దావత్‌ల్లో గ్లాసు జరిపేసి 'నాకు పడదు' అనేవాళ్లు అన్ని కులాల్లో, మజ్హబ్‌ల్లో ఉన్నారు. కొందరికి అది మర్యాద కోసం బహానా. కొందరికి నిజంగానే బదన్ ఒప్పుకోదు. ఆల్కహాల్ కడుపులోకి పోయాక లివర్ దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ రెండో పని చేసే ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనంగా ఉంటే ఆ మధ్యలోని జహర్ ఒంట్లో నిలిచిపోతుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతి. చైనా, జపాన్, కొరియాల్లో ఈ తీరు చాలామందిలో ఉంది, మన ముల్క్‌లో అరుదు. 'ఒక్క పెగ్గుకి ఏమవుతుంది భాయ్' అని జబర్దస్తీ చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఎదుటివాడు వద్దన్నాక సబబ్ అడగనక్కర్లేదు. దీన్ అయినా, దవా అయినా, దిల్ ఒప్పకపోయినా.

మరి బదులు ఏం తాగాలి? ఉద్దానం దగ్గర జవాబులకు కొదవ లేదు. చోడి అంబలి, నౌపడా ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్లు, గోలీ సోడా, చాయ్. వీటన్నిటికంటే నన్ను సోంచాయించేలా చేసేది జీడిమామిడి పండు. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టు గింజతోనే పలాస, కాశీబుగ్గల కార్ఖానాలు నడుస్తున్నాయి. గింజ కంటే ఎన్నో రెట్లు బరువుండే పండు మాత్రం ఎక్కువ భాగం తోటలోనే రాలి కుళ్లిపోతుంది. గోవాలో ఆ పండుతోనే ఫెనీ కాస్తారు. కానీ ఆ రసంలో నారింజను మించిన విటమిన్ సి ఉంది. గొంతు పట్టే వగరు పోవాలంటే రసంలో కొంచెం బియ్యం గంజి కలిపి కదపకుండా ఉంచితే చాలు, వగరంతా అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసం వంచి, చక్కెర వేసి, ఆలస్యం చేయకుండా కాచి పెట్టుకోవాలి. ఆలస్యమైతే అదీ తాటి నీరు బాటే పడుతుంది. ఒకే పండు, వఖ్త్ మీద ఆధారపడి షర్బత్ అవుతుంది లేదా షరాబ్ అవుతుంది.

ఇక్కడి దాకా చెప్పి ఆపితే ఉద్దానానికి బేఇన్సాఫీ చేసినట్టే. ఎందుకంటే ఆ ఇలాకాలో పాతికేళ్లకు పైగా కిడ్నీ బీమారీ ఇంటింటికీ తిరుగుతోంది. తాగుడు వల్లే అని దూరంగా ఉన్నవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఏనాడూ చుక్క ముట్టని ఆడవాళ్లు, మగవాళ్లు కూడా మరీజులయ్యారు. నీళ్లలోని సిలికా, లోహాలు, నొప్పి మాత్రలు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గడం, ఇలా ఎన్నో పరిశీలించారు. ఇదే ఏకైక కారణమని తేలలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి.

కిడ్నీ బాగా దెబ్బతిన్న మరీజుకి పొటాషియం బయటికి పోదు, గుండెకు ఖత్రా. అందుకే కొబ్బరి తోట మధ్యలో ఉండి కూడా కొబ్బరి నీళ్లు తాగకూడదంటారు డాక్టర్లు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు మంచినీళ్లు కూడా కొలిచి తాగాల్సిందే. మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ చూడండి. ఖజూర్, అరటిపండు, నారింజ రసం, కొబ్బరి నీళ్లు. నాలుగింట్లోనూ పొటాషియం ఎక్కువే. అన్నీ హలాలే, అన్నీ ఆ మరీజుకి భారమే. మొహబ్బత్‌తో 'ఇంకో గ్లాసు తీసుకోండి' అని బలవంతం చేస్తే, పెగ్గు పట్టుకుని బలవంతం చేసేవాడికీ మనకీ ఫరఖ్ ఏముంది?

ఉర్దూలో పరహేజ్ అని ఒక మంచి లఫ్జ్ ఉంది. గునాహ్ నుంచి దూరంగా ఉండేవాడు పరహేజ్‌గార్. హకీం చెప్పిన పథ్యం కూడా పరహేజే. ఒకటి దీన్ కోసం, ఇంకోటి సెహత్ కోసం. మొదటిది మనకు బాగా తెలుసు, పిల్లలకు నేర్పిస్తున్నాం. రెండోదాన్ని అంతే ఇజ్జత్‌తో చూడటం ఇంకా నేర్చుకోవాలి. రోజా ఉండలేని మరీజుకి షరీఅత్ రుఖ్సత్ ఇచ్చింది. డాక్టర్ వద్దన్నాక ఉపవాసం కోసం పట్టుబట్టడం తఖ్వా అనిపించుకోదు. మెహమాన్ ఇంటికొస్తే షర్బత్ గ్లాసు చేతికిచ్చే ముందు 'మీకేం పడుతుంది?' అని అడగండి. పొరుగువాడు నీరా, తాటి బెల్లం అమ్మితే కొనండి. మనం కొనే ఒక్కో బెల్లం అచ్చు, ఏ ఖానూనూ ఇవ్వలేకపోయిన హలాల్ రోజీని ఆ చెట్టెక్కే మనిషికి ఇస్తుంది.