మోటుపల్లి స్తంభము, పరవానా కప్తానులు

ప్రత్తియు మిరపయు పండెడి నల్లరేగడి ముగిసి యిసుక నేలలు మొదలగు చోట, చీరాల ప్రాంతమున, సముద్రపు టొడ్డున మోటుపల్లి యను చిన్న గ్రామము గలదు. నేడు దానిని జూచువారికి అది యొకప్పుడు ద్వీపాంతరముల యోడలు దిగిన రేవన్న నమ్మకము కలుగదు. అచ్చటి వీరభద్రాలయమున కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున వేయించిన శాసనస్తంభ మున్నది. గాలివానకు చిక్కి యొడ్డున బడిన యోడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలిమితో లాగికొనుచుండిరనియు, తాము మాత్రము ఏర్పరచిన సుంకము దక్క మిగిలినదంతయు సొత్తుదారులకే విడిచితిమనియు అందలి సారాంశము. సుంకము ముప్పదింట నొకవంతు. సముద్రయానమను గొప్ప సాహసమునకు బూనినవారిపై దయచేతనే ఇట్లు చేయుచున్నట్లు రాజు చెప్పుకొనినాడు. ఓడ యెక్కినవానిని వెలివేసిన పెద్దలు మన తాతలనాటి వఱకు నుండిరి. వారిలో నెందఱు ఈ స్తంభమును చూచిరో!

యుద్ధకాలపు నార్వే కప్తానుల వృత్తాంతములు చదువుచుండగా మాకు ఈ స్తంభమే మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినది. వారి చేతను రాజు వ్రాసి యిచ్చిన పత్రమే యుండెడిది. అయితే అది ఓడలను కాపాడుటకు గాక పట్టుకొనుట కిచ్చిన పరవానా. ఐరోపా రాజులకు యుద్ధనౌకలు చాలనప్పుడు, వర్తకులు తమ సొమ్ముతో ఓడను, ఫిరంగులను సమకూర్చుకొని, జామీను కట్టి, దొరతనమువారి యనుమతిని పొంది, శత్రుదేశపు వర్తకనౌకలను వేటాడుచుండిరి. పట్టువడిన యోడ న్యాయస్థానము నెదుట తీర్పు పొందవలెను. అది ధర్మమైన పట్టుబడి యని తేలినచో సరకును వేలము వేసి, ఓడ యజమానులును కప్తానును నావికులును పంచుకొనెడివారు. పరవానా లేనివాడు అదే పని చేసినచో సముద్రపు దొంగ. వానికి ఉరి తప్పదు.

1807లో ఇంగ్లీషువారు కోపెన్‌హేగను నగరముపై గుండ్లు కురిపించి డెన్మార్కు నౌకాదళమును తీసికొనిపోయిరి. నాడు నార్వే డెన్మార్కు రాజు క్రిందనే యుండెను. చలిదేశమగుటచే నార్వేవారి తిండిగింజలలో పెద్దభాగము సముద్రము దాటి రావలెను. ఇంగ్లీషు నౌకలు ఆ త్రోవను మూసివేయగా, చెట్టు బెరడు పిండిలో కలిపి రొట్టె కాల్చుకొను దుర్దినములు వచ్చినవి. రాజు పరవానాలు ఇచ్చెను. చేపలకును కలపకును ఓడలు నడుపుకొనుచుండిన సామాన్యులు వానిని గైకొని తుపాకులు పట్టిరి. కొందఱు ధనికులైరి, పెక్కుమంది పట్టువడి ఇంగ్లండు రేవులలో నుంచిన పాత ఓడల చెఱలలో మ్రగ్గిరి. ఈ యుద్ధపు సెగ మన దక్షిణదేశమునకును తగిలెను. డెన్మార్కువారి తరంగంబాడిని 1808లో ఇంగ్లీషువారు పట్టుకొనిరి.

మన బంగాళాఖాతమున ఈ వృత్తికి పేరుమోసినవాడు నార్వేవాడు గాడు, రాబర్టు సుర్కూ అను ఫ్రెంచివాడు. 1773లో సాన్ మాలో రేవున పుట్టినాడు. పదుమూడేండ్లకే ఓడ యెక్కెను. అతడు చిన్న యుద్యోగిగా నున్న ‘ఓరోర్’ ఓడ 1790లో మొజాంబికు జలసంధిలో పగిలినప్పుడు, తెల్లవారు బయటపడిరి. అడుగంతస్తున బంధింపబడిన వందలకొలది బానిసలు మునిగి చచ్చిరి. దానిని కన్నులార జూచిన యువకుడు తరువాత తానే బానిసల నోడలో నెక్కించి అమ్మినాడు; ఫ్రాన్సు ఆ వర్తకమును నిషేధించిన పిమ్మటను మానలేదు. ఇతని శౌర్యమును పొగడు గ్రంథములు ఈ భాగమును త్వరగా దాటిపోవును. మేము దాటలేకున్నాము.

1795లో ఫ్రెంచి దీవి, అనగా నేటి మారిషసు, గవర్నరు ఇతనికి పరవానా నిరాకరించి, తాబేళ్లకొఱకు సీషెల్సు దీవులకు పోవుటకు మాత్రము సెలవిచ్చెను. సుర్కూ ఆ సెలవుతోనే బంగాళాఖాతము చేరెను. 1796 జనవరి 29వ తేదీన బాలేశ్వరము చెంత, తాను పట్టుకొనిన చిన్న పైలటు ఓడలో ఇరువదిమందికి లోపు మనుష్యులతో, నూటయేబదిమంది గల ‘ట్రైటన్’ అను కంపెనీ యోడను మోసముచే సమీపించి వశపఱచుకొనెను. దీవికి మరలగానే, పరవానా లేదు గనుక, పట్టినదంతయు దొరతనమువారు తీసికొనిరి. సుర్కూ పారిసు నగరమునకు బోయి వాదించి పరిహారము సంపాదించినాడు. చదువరులు గమనింతురు గాక: ట్రైటన్ సొమ్ము పోయిన వారి మొఱను ఆ తగవులో నెవ్వరును వినలేదు. తగవెల్ల దోచినదానిలో ఎవరి వంతు ఎంత యనియే. 1800 అక్టోబరు 7వ తేదీన అతడు పరవానాతోనే ‘కెంట్’ అను పెద్ద యోడను గెలిచెను. దాని కప్తాను పోరులో మడిసెను.

మాకు వీనికంటె 1807వ సంవత్సరపు యాత్ర ముఖ్యముగా తోచుచున్నది. అంతకుముందు వానలు తప్పి చెన్నపురి రాజధానియందు కాటకము పుట్టియుండెను. అట్టి యేట బంగాళమునుండి వచ్చు బియ్యపు టోడ లనగా తీరవాసులకు ప్రాణములు. సెప్టెంబరు మాసమున సుర్కూ ‘రెవెనాన్’ అను కొత్త యోడతో వచ్చి పట్టినవి అట్టి బియ్యపు టోడలే. ‘ట్రఫాల్గరు’, ‘మాంగిల్సు’ అను రెంటిలోనే ఇరువదివేల బస్తాలకు పైగా నుండెను. ‘అడ్మిరల్ ఆప్లిన్’ అను మూడవది పట్టువడిన తరువాత చోళమండల తీరమున నశించెను.

ఇంతవఱకు మేము సుర్కూను తప్పుపట్టుచు వచ్చితిమి. కాని ఇచట కొంచెము నిలువవలసి యున్నది. ఫ్రెంచి దీవియు ఇంగ్లీషువారి దిగ్బంధమున చిక్కి తిండికి వెదకుకొనుచుండెను. ఆ బియ్యము అచ్చటి పొయ్యిలపైకిని ఎక్కెను. తన యూరికి ధాన్యము రానీయని రాజ్యపు ఓడను పట్టుకొనిన నార్వే కప్తానును వాని పొరుగువారు దొంగ యనలేదు. అనుమనుటయు మాకు చేతకాదు. అయినను బస్తా యొకటియే. ఒక తీరమున దించిన బియ్యము మఱియొక తీరమునకు రాదు. ఫ్రెంచివారితోనో డెన్మార్కువారితోనో మన రైతులకు పగ లేదు. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు. ఆ యుద్ధము వారి నడిగి ఆరంభించినది కాదు.

సుర్కూ పెద్ద ధనికుడై 1827లో స్వదేశమున మరణించెను. నార్వే 1814లో డెన్మార్కునుండి విడిపోయెను. 1856లో పారిసు నగరమున చేరిన రాజ్యములు పరవానాల పద్ధతిని రద్దు చేసికొనిరి. వర్తకనౌకలను వేటాడుట మాత్రము నిలువలేదు. రాజ్యముల నౌకాదళములే ఆ పనిని చేపట్టినవి. 1914లో ‘ఎండెన్’ అను జర్మను యుద్ధనౌక ఇదే బంగాళాఖాతమున వరుసగా సరకుటోడలను ముంచి, సెప్టెంబరు 22వ తేదీ రాత్రి చెన్నపురి కిరసనాయిలు తొట్లను తగులబెట్టెను. దాని కప్తానునకు పరవానాతో పనిలేకపోయెను.

మోటుపల్లిలో గణపతిదేవుని మాటతో పని తీరలేదు. కాకతీయ రాజ్యము పోయిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజైన అనపోతారెడ్డి పరదేశపు వర్తకులకు అభయమిచ్చుచు అదే యూర మరల శాసనము వేయింపవలసి వచ్చెను.