32.1: మన చెమటకి కట్టిన లెక్క

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

2016 ఆగస్టు. దోహాలో నాకు అదే మొదటి ఎండాకాలం. పొద్దున తొమ్మిదికే మా రూమ్ తమ్ముడు సైట్‌లో పడిపోయాడు. ఫోర్‌మన్ ఫోన్ తీసి చూసి, "38 డిగ్రీలే కదా, మీ ఊర్లో 45 ఉంటది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జగిత్యాలలో మేం అంతకన్నా ఎక్కువ ఎండలోనే పని చేసినం. మరి వాడెందుకు పడ్డాడు?

ఆ జవాబు ఎప్పుడో దొరికింది. 1950లలో అమెరికాలోని పారిస్ ఐలాండ్ సైనిక శిక్షణ కేంద్రంలో కుర్రాళ్లు వడదెబ్బకి పడిపోయేవాళ్లు. యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు 1957లో ఒక లెక్క ప్రచురించారు. దాని పేరు డబ్ల్యూబీజీటీ. మూడు థర్మామీటర్లు: ఒకటి మామూలుది, ఒకటి తడిగుడ్డ చుట్టింది, ఒకటి నల్ల గోళంలో పెట్టింది. లెక్కలో తడిగుడ్డకి 70 శాతం, నల్ల గోళానికి 20, మామూలు దానికి 10 మాత్రమే. ఎందుకంటే ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. మన మే నెల ఎండ పొడిది, చెమట ఆరిపోతది. ఇక్కడి ఆగస్టు ఉక్కలో కారుతనే ఉంటది, ఆరదు. ఫోర్‌మన్ చూసింది ఆ 10 శాతాన్నే.

ఖతర్‌లో 2007 నుంచి ఉన్నది గడియారం రూల్: జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా, 11:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. ఉక్క గడియారం చూసి రాదు కదా. 2019 ఎండాకాలంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఖతర్ ప్రభుత్వం, గ్రీస్‌లోని థెస్సలీ యూనివర్సిటీ ఫేమ్ ల్యాబ్ కలిసి, మనలాంటివాళ్లు పని చేసే చోటికే వచ్చి వేడిని, అది ఒంటిని ఏం చేస్తుందో కొలిచారు. తర్వాత 2021లో కొత్త రూల్ వచ్చింది: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, 10 నుంచి 3:30 వరకు బంద్. దాంతోపాటు డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాలి. వేడితో ప్రాణానికి ముప్పనిపిస్తే పని ఆపి, కార్మిక శాఖకి ఫిర్యాదు చేసే హక్కు కూడా ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఫోన్‌లో కనబడే 32, ఈ 32.1 ఒకటి కాదు. సైట్‌లో నల్ల గోళం ఉన్న మీటర్ ఎక్కడుందో అడగండి.

సైనికుల కోసం కట్టిన లెక్క మన దాకా రావడానికి 64 ఏళ్లు పట్టింది. మా తమ్ముడు మూడు రోజులకి కోలుకున్నాడు గానీ, ఆ మూడు రోజుల జీతం కోసేశారు. ఆ రోజు ఈ సంగతి తెలిసుంటే, ఫోర్‌మన్ ముందు తల దించుకునేవాణ్ణి కాదు.

నీళ్లు తాగుతుండండి. వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం.