నాగావళి: గెడ్డల నుంచి కడలి దాకా

ఒడిశాలోని కలహండి జిల్లా లఖ్‌బహాల్ దగ్గర కొండల్లో పుట్టే నాగావళి రాయగడ మీదుగా పార్వతీపురం మన్యంలోకి దిగుతుంది. అక్కడి నుంచి మైదానం పట్టి, శ్రీకాకుళం నగరం గుండా పారి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం సుమారు 256 కిలోమీటర్ల నడక.

బలరాముడు నాగలితో గీసిన చాలే ఈ నది అయిందని స్థలపురాణం. లాంగుల్య అనే పేరూ ఆ నాగలి నుంచి వచ్చిందే. పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి శివాలయాలను ఆయనే ప్రతిష్ఠించాడని భక్తుల నమ్మకం.

కొండ మీద ఉండే సవర, జాతాపు, కోందు కుటుంబాలకు మాత్రం నది గెడ్డతోనే మొదలవుతుంది. తాగునీరు, పోడు, పండగ అన్నీ గెడ్డ పక్కనే. వట్టిగెడ్డ, ఝంఝావతి, సువర్ణముఖి, వేగావతి అన్నీ చివరికి నాగావళికే చేరతాయి.

ఈ నీటితో మైదానం పచ్చబడింది. 1908లో తోటపల్లి దగ్గర రెగ్యులేటర్ కట్టారు. 2015లో అక్కడే కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. ఝంఝావతి మీద ఆనకట్టకు ఒడిశా వైపు ముంపు అడ్డు రావడంతో 2006లో రబ్బరు డ్యామ్‌తో సరిపెట్టారు.

నీరు కిందికి పారింది. భూమి మాత్రం అప్పుల రూపంలో షావుకార్ల చేతికి పోయింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉన్నా ఆ పోకడ ఆగలేదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న వారిపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న ప్రాణాలు విడిచారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం అక్కడి నుంచి రాజుకుంది. 1970లో 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోవడాన్ని అది నిషేధించింది.

బ్యారేజీల చరిత్ర శిలాఫలకాల మీద ఉంది. గెడ్డల చరిత్ర పెద్దల నోట ఉంది. ఏ గెడ్డకు సవరలో, కువిలో ఏం పేరుందో, దాని ఒడ్డు భూమిని ఎవరు దున్నారో, ఎలా పోగొట్టుకున్నారో ఊరూరా అడిగి రాసిపెట్టుకుందాం. 1/70 కింద హక్కు అడిగే రోజున ఆ రాతలే మన పిల్లలకు ఆసరా అవుతాయి.