సేఫ్టీ బెల్టు: తూర్పు కనుమల్లో చెట్టెక్కే పని

ఎత్తున పనిచేసే మనిషి జారితే నేల తాకకముందే ఆపే పట్టీల అమరికను వాడుకలో సేఫ్టీ బెల్టు అంటారు. నడుముతో పాటు భుజాలనూ ఛాతీనీ తొడలనూ కలిపి పట్టేదైతే అది హార్నెస్. అరకు లోయలో, చుట్టూ ఉన్న అనంతగిరి, పాడేరు కొండల్లో ఎత్తు పనంటే చాలావరకు చెట్టెక్కడమే. జీలుగు కల్లు, మిరియాలు, తేనె అన్నీ పైనుంచి దిగాల్సినవే.

ఈ కొండల్లో తాడుకు కొదవ లేదు. అడ్డతీగ నార తాళ్లు గట్టిదనానికి పేరుపడ్డవి. అయితే తాడు బిగించింది నిచ్చెనను చెట్టుకు. మనిషిని అలాగే వదిలేశారు. ఆ నిచ్చెన కూడా ఒంటి వెదురే. కణుపు దగ్గర పక్క కొమ్మను బొటనవేలు ఆనేంత మిగిల్చి నరికి, బొంగును మానుకు కట్టి, ఆ మొటికల మీద అడుగు వేస్తూ ఎక్కుతారు. జీలుగుది ఒక వింత గుణం. మొదటి గెల తల దగ్గర వేస్తుంది, తరవాతివి ఒకదాని కింద ఒకటి దిగుతూ వస్తాయి, ఆఖరి గెల పండాక చెట్టే చచ్చిపోతుంది. గీసేవాడికి అన్నిటికన్నా పెద్ద ఎత్తు మొదటి గెలతోనే ఎదురవుతుందన్నమాట.

మైదానంలో తాటిచెట్టు గీసేవాళ్లకు మోకు ఉంది. మనిషినీ మానునూ కలిపి చుట్టే తాడిది. వెనక్కి వాలితే బిగుస్తుంది, చేతులు రెండూ కత్తికీ కుండకీ మిగులుతాయి. నిలబెట్టడంలో దానికి సాటి లేదు. కాలు జారితే మాత్రం మోకూ మనిషీ కలిసి కిందికి జారొచ్చు.

కర్మాగారాల బెల్టూ మొదట నడుముకే ఉండేది. పడే మనిషిని నడుము దగ్గర ఒక్క కుదుపుతో ఆపితే కడుపులోని అవయవాలూ వెన్నూ దెబ్బతింటాయి. అందుకే అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడేవాణ్ని ఆపడానికి నడుం బెల్టు వాడకం నిషేధించారు. హార్నెస్ ఆ దెబ్బను తొడలకూ భుజాలకూ పంచుతుంది. తాడుకు అమర్చే షాక్ అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ సాగి, ఒంటిమీద పడే బలాన్ని 6 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు 600 కిలోల బరువంతకు మించనివ్వదు.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ ఎత్తు పనివాడు పడకుండా కంచె వంటి ఏర్పాటు ఉండాలంది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. బెల్టులకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది, 1999లో దాన్ని సవరించారు. మిరియం తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు ఫ్యాక్టరీ కిందికీ రాదు, కట్టడం కిందికీ రాదు. కాఫీకి నీడ కోసం వేసిన చెట్టది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని పొగిడేవాళ్ల కళ్లు ఆ నీడలోని నిచ్చెన మీద పడవు.

చెట్టెక్కేవాడి కోసం తెలుగునాట ప్రభుత్వం పెద్దఎత్తున కిట్లిచ్చింది తెలంగాణలో. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్షణ కవచం పథకాన్ని ప్రారంభించారు. తాటికల్లు గీసే గౌడుల కులదైవం పేరు పెట్టిన ఈ కిట్టు పర్వతారోహకుల సామగ్రికి దగ్గరి చుట్టం.

తాటికి సరిపోయినది మిరియం కోతకు యథాతథంగా సరిపోదు. సిల్వర్ ఓక్ పక్క కొమ్మలు పెళుసు. వెదురుకు కొక్కెం తగిలిస్తే, కట్టు వదులైననాడు బొంగుతో పాటే మనిషీ వస్తాడు. అందుకని లంగరు తాడు మాను చుట్టూ, కోసేవాడి తలకన్నా పైన పడాలి. పైకి ఎక్కే ప్రతిసారీ దాన్ని మళ్లీ పైకి జరపాలి, మిరియాల సంచి భుజాన బరువెక్కుతున్నా సరే.